బురద కయ్యలో ట్రాక్టర్ దిగబడితే ఎట్లా బయటికి తీసినాం – నా అనుభవం

మాది ఏర్పేడుకీ శ్రీకాళహస్తికీ మధ్యలో ఒక ఊరు, స్వర్ణముఖికి పెద్ద దూరం ఏం లేదు, చెరువు కింద మడి ఉండాది మాకు. మా పక్క వానల సంగతి తెలిసినోళ్ళకి చెప్పబల్లేదు కానీ తెలీనోళ్ళకోసం చెప్తా, మాకు అసలు వాన జూన్‌లో కాదు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడే వస్తుంది, వస్తే ఒకేసారి దండిగా వచ్చేస్తుంది. 2021 నవంబర్‌లో తిరుపతి వీధుల్లో నీళ్ళు పారింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్ళు ఖాళీ చేయించింది అందరికీ గుర్తుండే ఉంటాది. అట్లాంటి వానలు పడి చెరువు నిండి మరవ పోయినాక మడి మొత్తం ఒకేసారి దమ్ముకి, అంటే నాట్లకి ముందు నీళ్ళలో దున్ని బురద చేసేదానికి, వస్తుంది, నారు ముదిరిపోతా ఉంటాది, అందరికీ ట్రాక్టర్ ఆ రోజే కావాలి. నాకు సొంత బండి ఉండాది, నలభై అయిదు హెచ్‌పీ, టూ వీల్ డ్రైవ్, మా పొలం అయిపోయినాక చుట్టుపక్కల వాళ్ళకి గంట లెక్కన బాడుగకి పోతా.

ఇది రాసేదానికి కారణం ఒకటే. ఏటా ఈ కాలంలో మా చుట్టుపక్కల ఎవురిదో ఒకరిది బండి దిగబడుతుంది, దిగబడటం పెద్ద విషయం కాదు, బురదలో పని చేసే బండి ఎప్పుడో ఒకసారి దిగబడక తప్పదు. కానీ దిగబడినాక మనుషులు చేసే తొందర పనులు చూస్తే నాకు కడుపులో దడ పుడుతుంది. ప్రాణాలు పోయేది అప్పుడే. పోయిన సీజన్లో మాకు జరిగింది, మేం ఏం చేసినామో మొదటి నుంచి చెప్తా, ఎవురికైనా పనికొస్తే చాలు.

ముందు నేల సంగతి. బురద అంటే అంతా ఒకటే అనుకుంటారు, కాదు. ఏండ్ల తరబడి వరి వేసిన కయ్యలో పైన జానెడు మెత్తగా ఉంటుంది, దాని కింద దమ్ము మీద దమ్ము చేసీ చేసీ నేల గట్టిపడి ఒక పొర ఏర్పడి ఉంటాది, నీళ్ళు కిందికి ఇంకకుండా ఆపేది ఆ పొరే, మన బండిని మోసేది కూడా ఆ పొరే. పైన ఎంత బురద ఉన్నా కింద అది ఉంటే బండి హాయిగా పోతుంది. అది లేని తావుల్లోనే దిగబడేది. పాత బావి పూడ్చిన చోటు, జేసీబీతో మట్టి తీసిన చోటు, చెట్టు పీకిన గుంట, పైపులైన్ కోసం తవ్వి వదులుగా పూడ్చిన గాడి, చెరువు కట్ట కింద ఎప్పుడూ ఊట వచ్చే జవుకు నేల, ఇవన్నీ పైకి చూస్తే మామూలు కయ్య మాదిరే కనపడతాయి, నీళ్ళు పెట్టినాక అసలు గుర్తు పట్టలేం. అందుకే నేను ఎవురి కయ్యకి పోయినా మొదట బండి గెనిమ (కయ్య గట్టు) మీదనే నిలిపేసి చెప్పులిడిచి, చేతిలో ఒక గట్టి కట్టె పట్టుకోని కయ్యలోకి దిగి నడుస్తా. కాలికి తెలుస్తుంది. పిక్క దాకా దిగి అడుగున గట్టిగా తగిలితే భయం లేదు, మోకాలు దాటినా అడుగు తగలకపోతే ఆడ కట్టె గుచ్చి చూస్తా, కట్టె బలం పెట్టకుండానే లోపలికి పోతా ఉంటే అదే చోట ఒక కంప కొమ్మ నాటి గుర్తు పెడతా. పొలం ఆసామిని కూడా అడగాలి, యాడన్నా తవ్వినారా అని. ఈ పనికి అరగంట కూడా పట్టదు, కానీ సీజన్లో బాడుగకొచ్చే డ్రైవర్లు చాలామంది నేరుగా దింపేస్తారు, వాళ్ళనీ అనలేం, వాళ్ళ వెనకాల ఫోన్ మీద ఫోన్ వస్తా ఉంటుంది.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. దమ్ముకి ముందు కయ్యకి నీళ్ళు పెట్టి కనీసం ఒక రాత్రి నానబెట్టాలి, జేడిమన్ను అయితే ఇంకా ఎక్కువ. దమ్ము చేసేటప్పుడు పైన రెండంగుళాలు నీళ్ళు నిలబడి ఉంటే సరిపోతుంది. నీళ్ళు తక్కువైతే బురద టైరుకి అంటుకోని కట్ల సందులన్నీ పూడిపోయి టైరు నున్నగా అయిపోతుంది, అప్పుడు ఎంత కొత్త టైరైనా పట్టు ఉండదు. మరీ ఎక్కువ నిలబడితే మిట్ట ఏదో పల్లం ఏదో కనపడదు, గడ్డి కూడా పైకి తేలిపోతుంది, మట్టిలోకి దిగదు.

బండిని సిద్ధం చేసేదాంట్లో చాలామంది మర్చిపోయేది ఒకటి ఉండాది. క్లచ్ హౌసింగ్ అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటాది, లోపల నూనె కారితే బయటికి తెలియడానికి పెట్టింది. మామూలు రోజుల్లో అది తెరిచే ఉండాలి. దమ్ముకి పోయేటప్పుడు మాత్రం దానికి బిరడా బిగించాలి, లేకపోతే అడుసు నీళ్ళు లోపలికి పోయి క్లచ్ ప్లేట్ పాడవుతుంది. బండితో పాటు వచ్చిన పుస్తకంలో ఉంటాది ఇది, తెలుగు పుస్తకమే ఇస్తారు, ఎవురూ చదవరు. పని అయిపోయినాక ఆ బిరడా తీసెయ్యడం కూడా అంతే ముఖ్యం, తీయకపోతే లోపల కారిన నూనె ఆడనే నిలిచి క్లచ్ జారతా ఉంటుంది. తర్వాత వెనక చక్రాలకి ట్రైలర్ పనికోసం బిగించిన ఇనప బరువులు ఉంటే తీసేస్తా, బురదలో బరువు ఎక్కువైతే ఇంకా దిగుతుంది కదా. కేజ్ వీల్స్, అంటే బురదలో పట్టుకోసం బిగించే ఇనప చక్రాలు, నావి టైర్లకి పక్కన బిగించే సగం రకం, వాటి బోల్టులు గంట పని చేసినాక మళ్ళా ఒకసారి బిగించుకోవాలి, వదులైపోతాయి. కేజ్ వీల్స్ తగిలించుకోని తారు రోడ్డు మీద పోవద్దండి దయచేసి, రోడ్డు మొత్తం చెక్కేస్తాయి, నేను ట్రైలర్లో వేసుకోని పోయి పొలం దగ్గర బిగించుకుంటా, కష్టమే, అయినా ఆ రోడ్డు మనదే కదా.

మా పొలం బాగానే అయిపోయింది, దాని గురించి చెప్పేదానికి పెద్దగా ఏం లేదు. ఆరు అడుగుల రోటవేటర్‌తో రెండు సాళ్ళు, మొదటిది నిలువు, రెండోది అడ్డం, వెనకాల కొంగలు గుంపులు గుంపులుగా. రోటవేటర్‌లో ఒక మంచి గుణం ఉండాది, దాని కత్తులు తిరిగే వాటం బండిని ముందుకు తోస్తుంది, గొర్రు అయితే వెనక్కి లాగతా ఉంటుంది, అందుకే బురదలో రోటవేటర్‌తో బండి సులువుగా నడుస్తుంది. మలుపుల దగ్గర మాత్రం రోటవేటర్ పైకెత్తి, దాన్ని ఇంజన్ బలంతో తిప్పే పీటీఓ ఆపి, మెల్లగా తిప్పుకోవాలి. పిల్లకాయలు చేపపిల్లలకోసం వెనకాల పరిగెత్తతా ఉంటారు, వాళ్ళని గెనిమ ఎక్కించందే నేను క్లచ్ వదలను.

దిగబడింది మా పొలంలో కాదు, మాకు ఎగువన ఉండే వాళ్ళ కయ్యలో. ఆ ఆసామి తిరుపతిలో ఉంటాడు, పెద్దాయన, నేను మామా అని పిలుస్తా. ఎండాకాలంలో ఆయన పొలం మీదుగా ఒక పైపులైన్ పోయింది. వేసినోళ్ళు గెనిమ పక్కనే తవ్వినాం అని ఆయనకి చెప్పినారంట, ఆయన నాకు అదే చెప్పినాడు. నిజానికి ఒక మూల దగ్గర బండరాయి అడ్డం వచ్చిందని కయ్యలోంచి ఏటవాలుగా తీసి, మట్టి పైపైన తోసేసి పోయినారు, తొక్కించలేదు, ఎవురికీ చెప్పలేదు. నేను కట్టె పట్టుకోని నడిచినప్పుడు ఆ గాడి నా అడుగుల మధ్యలోనే ఉండిపోయింది, వెడల్పు రెండడుగులు కూడా లేదు. ఎవుడో వదులుగా పూడ్చి పోయిన గాడి ఆర్నెల్లు గడిచినాక ఇంకొకడి బండి కింద తెరుచుకుంటుంది, ఈ పైపులు వేసే పని చేసేవాళ్ళు ఎవురైనా చదవతా ఉంటే ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, మట్టి పొరలు పొరలుగా వేసి నీళ్ళు కొట్టి తొక్కించడానికి పెద్ద ఖర్చేం కాదు.

రెండో సాలులో పోతా ఉంటే కుడి వెనక చక్రం ఒక్కసారి కిందికి జారింది. బండి కుడి పక్కకి ఒరిగింది. ఆ క్షణంలో చేయి యాక్సిలరేటర్ మీదికి పోతుంది, అందరికీ పోతుంది, ఇంకొంచెం రేజ్ చేస్తే ఎక్కేస్తుంది అనిపిస్తుంది. ఎక్కదు. గట్టి పొర లేని చోట చక్రం తిరిగే కొద్దీ, అందులో కేజ్ వీల్ ఉంటే, కింద మట్టి తోడి వెనక్కి పోస్తా ఉంటుంది, చక్రం తన గుంట తానే తవ్వుకుంటుంది. నేను క్లచ్ తొక్కి, పీటీఓ తీసేసి, రేజ్ తగ్గించి అట్లనే నిలిపేసినాను. మా చిన్నాయన కొడుకు గెనిమ మీద ఉన్నాడు, వాడు "డిఫరెన్షియల్ లాక్ తొక్కు అన్నా" అని అరిచినాడు. అది సరైన మాటే, ఆ పెడల్ తొక్కితే వెనక రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి, లేకపోతే పట్టు లేని చక్రం ఊరికే తిరగతా గట్టి నేల మీద ఉన్న చక్రం కదలకుండా నిలబడిపోతుంది. కానీ దాన్ని చక్రం తిరగతా ఉన్నప్పుడు తొక్కకూడదు, క్లచ్ తొక్కి బండి ఆపినాకనే వేసుకోవాలి, స్టీరింగ్ నేరుగా ఉండాలి, వేసుకోని మలుపు తిప్పితే లోపల పళ్ళు పోతాయి. నేను లాక్ వేసి, చిన్న గేర్‌లో రివర్స్ ఒకసారి మెల్లగా ప్రయత్నించినాను. ముందుకు కాదు, వెనక్కి. ఎందుకంటే వచ్చిన దారి ఇప్పటికే బండిని మోసింది, దాని మీద నమ్మకం ఉండాది, ముందు ఏముందో తెలీదు. ఇంకో కారణం, రివర్స్‌లో బలం పెడితే బండి ముందు భాగం నేలకి అదుముకుంటుంది, ముందుకి బలం పెడితే మూతి పైకి లేస్తుంది. కదిలినట్టే కదిలి ఆగిపోయింది. ఎడమ చక్రం గట్టి మీదనే ఉన్నా కుడి పక్క యాక్సిల్ గొట్టం బురద మీద కూర్చునేసింది. అంతే, ఇంజన్ ఆపేసి దిగేసినాను.

అప్పటికే జనం వచ్చేసినారు. మడిలో బండి దిగబడితే చాలు యాడ ఉన్నోళ్ళు ఆడ పని ఆపి వచ్చేస్తారు, సాయం చెయ్యాలనే మనసే, కానీ ఒక్కొక్కరు ఒక్కో మాట. ఒకాయన బానెట్ మీద ఇద్దరు కూర్చోండి ముందు బరువు పడుతుంది అన్నాడు. ఇంకొకాయన తాటి దుంగ తెచ్చి వెనక చక్రాలకి గొలుసుతో కట్టు, చక్రం తిరిగితే దుంగ కిందికి పోయి బండి దాని మీద ఎక్కేస్తుంది, మేం ఎన్నో సార్లు చేసినాం అన్నాడు. వయసులో పెద్దాయన, సేద్యంలో నాకంటే వందరెట్లు తెలిసిన మనిషి. అయినా నేను ఒప్పుకోలేదు.

ఈ దుంగ సంగతి మాత్రం నేను వివరంగా చెప్పాలి. రెండు చక్రాలకీ అడ్డంగా దుంగ కట్టినాక అది కిందికి పోయి గట్టిగా ఇరుక్కుంటే చక్రాలు ఇంక తిరగలేవు. ఇంజన్ బలం మాత్రం పోతానే ఉంటుంది. చక్రం తిరగకపోతే ఆ బలం యాక్సిల్ చుట్టూ బండినే తిప్పుతుంది, ముందు చక్రాలు లేచి బండి మొత్తం వెనక్కి తిరగబడి సీట్లో ఉండే మనిషి మీద పడుతుంది. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది, క్లచ్ తొక్కాలి అని మనసుకి తోచే లోపలే అయిపోతుంది. మన బండ్లకి వెనకాల రక్షణ కమ్మీ ఉండేది బహు తక్కువ. అది లేకపోతే రెండు టన్నుల ఇనుముకీ బురదకీ మధ్యలో మనిషి. ఎన్నో సార్లు ఏం కాలేదు అంటే ఆ ఎన్నో సార్లు దుంగ కిందికి పోయి బండి ఎక్కిందని అర్థం, ఇరుక్కోలేదని అర్థం, అంతే. బానెట్ మీద మనుషులు కూర్చోవడం కూడా అంతే పాపం, బండి ఒక్క ఎగురు ఎగిరితే వాళ్ళు పడేది ముందు చక్రాల కిందే.

"పెద్దనాయనా, తప్పనుకోవద్దు, ఇంట్లో చిన్నపిల్లోళ్ళు ఉండారు నాకు, రోజంతా పట్టినా సరే తవ్వే తీద్దాం" అన్నాను. ఆయన కొంచేపు గమ్మున ఉండి, "సరే నీ బండి, నీ ఇష్టం, పార ఇట్లివ్వు" అని ఆయనే మొదట దిగినాడు. ఆ మాటకి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

మేం చేసిన మొదటి పని నీళ్ళు తీసెయ్యడం. దిగువ గెనిమ దగ్గర మడవ తెంచి కయ్య నీళ్ళు కింద కయ్యలోకి వదిలినాం, ఎగువన నీళ్ళొచ్చే మడవ మూసేసినాం. నీళ్ళున్నంత సేపూ ఎంత తవ్వినా అడుసు వచ్చి గుంట మళ్ళా పూడిపోతుంది, నీళ్ళు పోయినాక అది రవంత నిలబడుతుంది. నీళ్ళు దిగే దాకా రోటవేటర్ విప్పే పని పెట్టుకున్నాం. ఆరు అడుగుల రోటవేటర్ నాలుగు క్వింటాళ్ళ పైనే ఉంటుంది, దాన్ని హైడ్రాలిక్‌తో పైకెత్తి పెట్టుకుంటే ఆ బరువంతా వెనక చక్రాల మీదే కదా, దించితే కత్తులు బురదలో గుచ్చుకోని లంగరు వేసినట్టే. అందుకే విప్పెయ్యాల్సిందే. బురదలో పీటీఓ షాఫ్ట్ విప్పడం, కింది రెండు పిన్నులు లాగడం చాలా చిరాకు పని, లించ్ పిన్ను జారి బురదలో పడితే దొరకదు, మా తమ్ముడు తీసిన ప్రతి పిన్నునీ చొక్కా జేబులో వేసుకుంటా పోయినాడు. కుడి పక్క పిన్ను బిగుసుకుపోయింది, బండి ఒరిగి ఉండటంతో బరువంతా దాని మీదే, కింద చిన్న చెక్క పెట్టి రోటవేటర్‌ని గడ్డపారతో రవంత ఎత్తితే గానీ రాలేదు. చేతులు బురదలో ఉంటాయి, కంటికి కనపడదు, వేలితో తడిమి తడిమి చెయ్యాల, ఇంజన్ ఆపి తాళం జేబులో వేసుకోకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

తర్వాత తవ్వడం. అందరూ చక్రం చుట్టూ తవ్వుతారు, అది చాలదు. చక్రం వెనకాల, అంటే మనం బయటికి రావాల్సిన పక్క, ఏటవాలుగా ర్యాంప్ తవ్వాలి, నిట్టనిలువుగా గోడ ఉంటే చక్రం దాన్ని ఎక్కదు. యాక్సిల్ గొట్టం కిందా, గేర్ బాక్స్ కిందా బురద లాగేసి గాలి ఆడేటట్టు చెయ్యాలి, బండి కడుపు బురదకి అతుక్కోని ఉంటే ఆ అతుకుడే సగం బరువు, పట్టుకోని వదలదు. పెద్దనాయన పార పట్టే తీరు చూడాల, మట్టి దూరంగా వేస్తా ఉన్నాడు, దగ్గర వేస్తే మళ్ళా జారి గుంటలోకే వస్తుంది అని పక్కనోళ్ళకి చెప్తా.

కింద వెయ్యడానికి ఏం దొరుకుతుందా అని చూసినాం. వరిగడ్డి తెచ్చినారు, గడ్డి ఒక్కటే వేస్తే చక్రం కింద నలిగి జారిపోతుంది. మా జిల్లాలో దేవుడిచ్చిన వస్తువు ఒకటుండాది, కంచెలకి నాటే రాతి కూసాలు. పాత కంచెవి కొన్ని గెనిమ మీద పడి ఉన్నాయి. ఒక వెడల్పాటి రాయి యాక్సిల్ కింద బురదలో పరిచి దాని మీద జాకీ పెట్టినాం, రాయి లేకుండా పెడితే జాకీయే దిగిపోతుంది. జాకీతో చక్రం రవంత లేచినప్పుడల్లా కింద చెరుకాకు, దాని మీద కూసం అడ్డంగా తోసినాం, మళ్ళా ఎత్తడం, మళ్ళా తోయడం. జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవురూ చెయ్యీ తలా పెట్టలేదు, కూసాన్ని కర్రతోనే తోసినాం. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి ఉంచినాం. ఈ పనికే ఎక్కువ సేపు పట్టింది, ఎండ కూడా లేదు, మబ్బు పట్టి మళ్ళా వాన వస్తుందేమోనని ఒకటే బెంగ, ఎవురింట్లోనో చెనిక్కాయలు ఉడకబెట్టి పంపించినారు, బురద చేతులతోనే తిన్నాం.

చివరికి ఇంకో ట్రాక్టర్ పిలిచినాం. జేసీబీ పిలుద్దాం అన్నారు కానీ టైర్ల జేసీబీ ఆ కయ్యలోకి వస్తే అదీ దిగబడుతుంది, చైన్ బండి అయితే బాడుగ మన చేతిలో ఉండదు. వచ్చిన ట్రాక్టర్‌ని కయ్యలోకి రానీలేదు. గెనిమ అవతల బండ్లబాట గట్టిగా ఉంది, ఆడనే నిలిపినాం, గొలుసు చాలకపోతే వైర్ రోప్ కలిపి పొడుగు చేసుకున్నాం. రోప్ ఎక్కడ తగిలించాలి అన్నది ప్రాణం లెక్క విషయం. రెండు బండ్లకీ వెనకాల కింద ఉండే డ్రాబార్‌కే తగిలించాలి, యాక్సిల్ కంటే కిందికి. సీటు కింద ఎత్తులో ఉండే టాప్ లింక్ దగ్గర తగిలిస్తే లాగే బండి మూతి లేచి అదే వెనక్కి తిరగబడుతుంది. రోప్ మధ్యలో తడి గోనెసంచులు వేసినాం, తెగితే అది కొరడా లెక్క వెనక్కి కొట్టకుండా. జనాన్ని రోప్ పొడవుకంటే ఎక్కువ దూరం పంపించినాం, పంపించడమే కష్టమైన పని, అందరికీ దగ్గరగా చూడాలని ఉంటుంది. మా తమ్ముడు ఒక్కడే పక్కన కనపడేటట్టు నిలబడి చెయ్యెత్తి సైగ చేసేదానికి, ఇంకెవురు అరిచినా వినకూడదు అని రెండు బండ్ల మీదున్న మేం ఇద్దరం ముందే మాట అనుకున్నాం.

నేను లాక్ వేసుకోని చిన్న రివర్స్‌లో, లాగే బండి డ్రైవర్ చిన్న ఫస్ట్‌లో. మొదట రోప్ బిగిసే దాకా ఆయన మెల్లగా పోయినాడు, బిగిసినాక ఒక్క గుంజు గుంజకుండా అట్లనే నిదానంగా బలం పెంచినాడు. ఒకేసారి గుంజితే రోప్ తెగుతుంది, లేదంటే డ్రాబార్ వంగుతుంది. కూసాల మీద చక్రం పట్టుకుంది, కింద నుంచి పెద్ద శబ్దంతో బురద వదిలింది, బండి ఒరిగిందల్లా నేరుగా లేచి వెనక్కి వచ్చేసింది. నేను వచ్చిన సాలు మీదనే గెనిమ దాకా ఆపకుండా తెచ్చేసినా, మధ్యలో ఆపితే మళ్ళా మొదటికొస్తుంది.

బయటికొచ్చినాక పని అయిపోయింది అనుకోకూడదు. ఆ రోజే బండి కడిగినాం, గట్టిగా నీళ్ళు కొట్టేటప్పుడు ఆయిల్ సీళ్ళ మీద, డైనమో మీద నేరుగా కొట్టకుండా. రేడియేటర్ జాలీలో గడ్డి, చెరుకాకు ముక్కలు దూరి ఉన్నాయి, తీసేసినాం. ముందు హబ్బుల్లో కొత్త గ్రీజు పాత బురద గ్రీజు బయటికి వచ్చే దాకా ఎక్కించినాం, దమ్ము రోజుల్లో ఇది రోజూ చెయ్యాలి. మరుసటి రోజు పొద్దున బండి కదలకముందే గేర్ బాక్స్ కింద బోల్టు రవంత వదులు చేసి చూసినాను, రాత్రంతా నిలబడితే నీళ్ళు అడుగుకి చేరతాయి కాబట్టి పోయి ఉంటే ముందు అవే వస్తాయి. తర్వాత నూనె రంగు చూసినా, నీళ్ళు కలిసిపోతే నూనె మజ్జిగ మాదిరి తెల్లగా వస్తుంది. మాది బాగానే ఉంది. బ్రేకులు మాత్రం రోడ్డు మీద మెల్లగా పోతా రెండు పక్కలా వేరు వేరుగా తొక్కి చూసుకున్నా, తడిసిన బ్రేకు ఒక పక్క పట్టి ఒక పక్క పట్టకపోతే ట్రైలర్ తగిలించినప్పుడు బండి అడ్డం తిరుగుతుంది.

మామ తిరుపతి నుంచి వచ్చి చూసినాడు. నేను బాడుగ తగ్గించి చెప్పినా ఆయన ఒప్పుకోలేదు, లాగిన బండికి కూడా ఆయనే ఇచ్చినాడు. పైపులైన్ వేసినోళ్ళకి ఫోన్ చేసినాడు, వస్తాం వస్తాం అన్నారు, రాలేదు. ఇంక మేమే గాడి పొడుగునా కట్టెతో గుచ్చుకుంటా పోయి రెండు పక్కలా కూసాలు నాటినాం, నీళ్ళు పెట్టినా పైకి కనపడేటంత ఎత్తు. ఆ పట్టీని ట్రాక్టర్‌తో ముట్టుకోలేదు, పక్క ఊరి నుంచి పవర్ టిల్లర్ తెప్పించి మిగతా మూల దమ్ము చేయించినాం, దాని బరువు తక్కువ, మనిషి వెనకాల నడుస్తాడు కాబట్టి నేల వదిలితే వెంటనే తెలుస్తుంది. గాడి మీద మాత్రం పారలతోనే తిరగేసి కాళ్ళతో తొక్కినాం. ఏడీటీ 37 రకం వరి నారు అప్పటికే ముదురుతా ఉంది, నాట్లకి వచ్చిన ఆడోళ్ళకి కూడా ఆ కూసాల మధ్య జాగ్రత్తగా దిగమని చెప్పి నాటించినాం. పంట కోసినాక నేల ఎండినప్పుడు ఆ గాడిని మళ్ళా తెరిచి చెరువు మట్టి, గులకరాళ్ళు పొరలుగా వేసి రోలర్ లేకపోయినా ట్రాక్టర్ టైరుతోనే తొక్కించాలని మామా నేనూ అనుకున్నాం, అది అయ్యే దాకా కూసాలు పీకొద్దని పొలం కౌలుకి చేసే అతనికి గట్టిగా చెప్పి ఉండాము.